జీపులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది: సీలెంటు డబ్బా తెరిచే ముందు చేయవలసిన పని

మీరు చెప్పిన విషయం క్లుప్తంగా ఇది. పన్నెండేళ్ల నాటి జీపు, దానిపై తరువాత బిగించుకున్న గట్టి ఫైబర్ పైకప్పు, అంటే హార్డ్‌టాప్. గట్టి వాన పడిన మరునాడు ఎడమవైపు ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట రెండు మూడు గ్లాసుల నీరు నిలిచి ఉంటోంది. షెడ్డులో ముందు అద్దం చుట్టూ ఇప్పటికి మూడుసార్లు సిలికాన్ పెట్టించారు. ప్రతిసారీ రెండు వానలకు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతోంది. ఇప్పుడు అద్దం విప్పి కొత్త రబ్బరు వేయాలని మేస్త్రీ అంటున్నారు. వేయించాలా వద్దా అన్నది మీ సందేహం. వేయించవద్దు, కనీసం ఇప్పుడే వేయించవద్దు. అద్దమే కారుతోందని ఇంతవరకు ఎవరూ కళ్లారా చూడలేదు. మూడుసార్లు మందు వేసినా తగ్గని జబ్బుకు అదే మందు మోతాదు పెంచేముందు, జబ్బు అదేనా అని ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంటి స్లాబు కారి ఫ్యాను కొక్కెం దగ్గర బొట్లు పడుతుంటే చిల్లు సరిగ్గా కొక్కెం మీదే ఉందని అనుభవమున్న తాపీమేస్త్రీ ఎవరూ అనుకోరు. వాహనంలోనూ అంతే. లోపలికి దూరిన నీరు రేకు మడతల వెంట, వైర్ల కట్ట వెంట, అద్దం పక్క స్తంభం లోపలి గొట్టం వెంట జారి, నేలలో ఎక్కడ పల్లముంటే అక్కడికి చేరుతుంది. బండి ముందుకు వాలి నిలబడితే కాళ్ల దగ్గర, వెనక్కి వాలితే వెనక సీటు కింద కనిపిస్తుంది. అందువల్ల మీరు బండిని ఎక్కడ, ఏ వాలులో నిలుపుతున్నారో ముందు గమనించండి. రెండు రోజులు దిశ మార్చి నిలపండి. చేరే చోటు మారినా, మారకపోయినా మీకు ఒక ఆధారం దొరికినట్టే.

తరువాతి ప్రశ్న, అది ఏ నీరు? వింతగా అనిపించవచ్చు గాని సగం తగవు ఇక్కడే తేలిపోతుంది. వాన లేని రోజున, ఏసీ వేసుకుని గంట సేపు తిరిగిన తరువాత స్వచ్ఛమైన, వాసన లేని నీరు కనిపిస్తే అది వాననీరు కాదు, ఏసీ లోపల గడ్డకట్టినంత చల్లని గొట్టాల మీద గాలిలోని తేమ చేరి కారిన నీరు. తియ్యటి వాసనతో, వేళ్లకు జిగటగా, ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో ఉంటే, పైగా ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే, అది డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ నుంచి వచ్చే కూలెంట్. దాన్ని వెంటనే చూడాలి, ఎందుకంటే అక్కడ తరిగేది ఇంజన్‌ను చల్లబరచే నీరు. కూలెంట్ విషపదార్థం కనుక రుచి చూసి తేల్చుకునే సాహసం చేయవద్దు. ఒండ్రుమట్టితో కలిసి వస్తే అది వాగు దాటినప్పుడు కింది నుంచి ఎక్కిన నీరు. మీరు చెప్పినదాన్ని బట్టి మీది వాననీరే అనిపిస్తోంది, అయినా ఒక వారం ఏసీ ఆపి నడిపి చూడడానికి ఖర్చేమీ లేదు.

ఇక వెతుకులాట. కార్పెట్టు, దాని కింది స్పాంజి, తలుపు గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీ, కాళ్ల పక్కనున్న ప్యానెల్ అన్నీ విప్పి రేకు కనిపించేదాకా రండి. కార్పెట్టు పైన ఎండినట్టున్నా కింది స్పాంజి రోజుల తరబడి నీరు పట్టి ఉంచుతుంది కనుక, దాన్ని తీయకుండా చేసే ఏ పరీక్షా నమ్మదగినది కాదు. విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయండి. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే సీటు కింద పసుపు రంగు కనెక్టర్లను కదపవద్దు. అక్కడ మరే కనెక్టరులోనైనా తెల్లటి లేదా ఆకుపచ్చటి పొడి కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి. దాని పని తరువాత ఉంది. రేకును గుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరబెట్టి, అనుమానమున్న అతుకులన్నిటి మీద టాల్కం పౌడరు పలుచగా చల్లండి. నీటి చుక్క జారిన దారి ఆ పొడి మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. పొడి లేకపోతే వార్తాపత్రిక ముక్కలు టేపుతో అతికించినా సరిపోతుంది.

నీళ్ల పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటుతో పడుకోవాలి, మరొకరు బయట తోటకు నీళ్లు పెట్టే మామూలు పైపు పట్టుకోవాలి. వాటర్ సర్వీసింగ్ వారి ప్రెషర్ గన్ వద్దు. అది వాన ఎన్నడూ దూరని సందుల్లోకి కూడా నీటిని తోసి లేని చిల్లులను చూపిస్తుంది. పైపుకు మూతి పెట్టకుండా, నెమ్మదిగా పారే నీటిని, కింది నుంచి పైకి, ఒక్కో చోట అయిదు నుంచి పది నిమిషాలు పారించాలి. ఈ వరుస తప్పడం వల్లనే చాలామంది మోసపోతారు. ముందుగా పైకప్పు మీద పోస్తే ఆ నీరే కిందికి దిగుతూ అద్దాన్ని, దాని కింద పెట్టెలా ఉండే కౌల్‌ను, తలుపును అన్నిటినీ తడుపుతుంది. లోపల చుక్క కనబడినా ఎక్కడిదో చెప్పలేము. కింద మొదలుపెడితే, కారని చోట్లను ఒక్కొక్కటిగా పక్కన పెడుతూ పైకి వెళ్తాము. ఆ వరుస ఇది: చక్రం పైనున్న మడ్‌గార్డు లోపలి భాగం, తలుపు కింది అంచు, తలుపు పై సగం, బానెట్ వెనకనున్న కౌల్, అద్దం కింది అంచు, అద్దం పక్కలు, అద్దం పై అంచు, హార్డ్‌టాప్ అతుకు, చివరగా పైకప్పు. ఓపిక ఉంటే పూర్తి పరీక్షకు రెండు గంటలు పడుతుంది. ఓపిక లేని వారే నాలుగోసారి సిలికాన్ పెట్టిస్తారు.

నీళ్లతో దొరకని సన్నని సందుకు మరొక ఉపాయం ఉంది. దీనికి బ్యాటరీ కావాలి కనుక, ఫోటో తీసిన కనెక్టర్లను శుభ్రం చేసి ఆరాకే తీగ తిరిగి తగిలించండి. కిటికీలన్నీ మూసి, బయటి గాలి లోపలికి వచ్చే స్థితిలో ఏసీ బ్లోయరు పూర్తి వేగంలో పెట్టి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు బ్రష్షుతో పూయండి. పంక్చర్ షాపులో ట్యూబు ముంచి చూసినట్టే, గాలి వచ్చే చోట బుడగలు లేస్తాయి. వెనక భాగంలో గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన రెక్కలుంటే అక్కడ బుడగలు రావడం లోపం కాదు.

ఎడమ కాళ్ల దగ్గర నీరు అనగానే నాకు మొదట వచ్చే అనుమానం కౌల్ మీద. వైపర్ల కింద, బానెట్‌కూ అద్దానికీ మధ్యనున్న పెట్టె లాంటి భాగం అది. అద్దం మీది నీరంతా అందులోకే దిగి, రెండు పక్కలా ఉన్న చిన్న రంధ్రాల గుండా చక్రాల వెనక్కి పోతుంది. క్యాబిన్‌లోకి బయటి గాలి పీల్చుకునే దారి కూడా చాలా బండ్లలో అక్కడే ఉంటుంది. కుడివైపు స్టీరింగు ఉన్న మన బండ్లలో బ్లోయరు సాధారణంగా ఎడమవైపు, సరిగ్గా మీకు నీరు నిలిచే చోటుకు పైన ఉంటుంది. చింతచెట్టు కింద బండి నిలిపేవారికి ఈ సంగతి తప్పక తెలియాలి. మామిడాకు, రావి ఆకు కౌల్ మూతకున్న జల్లెడ మీదే ఆగిపోతాయి. చింతాకు మాత్రం జల్లెడ దాటి లోపలికి రాలి, దుమ్ముతో కలిసి పేడముద్దలా తయారై రంధ్రాన్ని మూసేస్తుంది. చిన్న వానకు నీరు నెమ్మదిగా ఇంకి పోతుంది. పెద్ద వానకు పెట్టె నిండి, గాలి దారి అంచు దాటి, బ్లోయరు గుండా లోపలికి దిగుతుంది. మీ సిలికాన్ “రెండు వానలకు ఆగడం” వెనక బహుశా ఇదే ఉంది: ఆ రెండూ చిన్న వానలు కావచ్చు. కౌల్ మూత తీసి, ఆకుచెత్త చేత్తో ఏరి, ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. రెండు పక్కలా చక్రాల వెనక ధారగా పడాలి. పడకపోతే మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో కింది నుంచి పొడిచి తెరవండి. ఇనుప కమ్మీతో పొడిస్తే లోపలి రబ్బరు మూతి ఊడి మరొక లీకేజీ పుడుతుంది.

బానెట్ మీదకి వాలే ఫ్రేములో అద్దం బిగించిన పాత తరహా జీపు అయితే ఇంకొక మాట. అక్కడ రెండు వేర్వేరు అతుకులుంటాయి. అద్దానికీ ఫ్రేముకూ మధ్య ఒక రబ్బరు, ఫ్రేముకూ కౌల్‌కూ మధ్య మరొక రబ్బరు. ఈ రెండోది ఎండకు గట్టిపడి, మధ్యలో కుంగి, డ్యాష్‌బోర్డు వెనక్కి నీరు దించుతుంది. చూసేవారికి అది అద్దం కారినట్టే ఉంటుంది. మీ మేస్త్రీ మూడుసార్లూ మొదటి రబ్బరుకే సిలికాన్ పెట్టి ఉంటే రెండోదాన్ని ముట్టుకోనే లేదన్నమాట.

ఏసీ నీటి గొట్టం సంగతి కూడా ఇదే పనిలో చూసుకోండి. ఇంజన్ వైపు గోడకు దిగువగా వేలాడే చిన్న రబ్బరు గొట్టం అది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఏసీ నడుస్తుంటే దాని నుంచి ఆగకుండా చుక్కలు పడాలి. బురదలో తిరిగిన బండికి అది మట్టితో పూడుకుపోతుంది. చాలాకాలం కదలని బండికి కందిరీగ వచ్చి మట్టిగూడు కడుతుంది. కింది నుంచి నోటితో ఊదినంత గాలి చాలు. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే గొట్టం లోపలే ఊడిపోతుంది.

తలుపుల విషయంలో ఒక అపోహ ఉంది. తలుపు లోపలికి నీరు పోకూడదని చాలామంది అనుకుంటారు. నిజానికి కిటికీ అద్దం పక్క నుంచి నీరు తలుపు లోపలికి దిగుతూనే ఉంటుంది; తయారు చేసినవారికి అది తెలుసు కనుకనే తలుపు అడుగున రంధ్రాలు పెట్టారు. ఆ నీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది లోపలి అట్ట వెనక అతికించిన ప్లాస్టిక్ కాగితం ఒక్కటే. స్పీకరు పెట్టిన వారో, పవర్ విండో బాగుచేసిన వారో ఆ కాగితాన్ని చింపి, అడ్డమొచ్చిందని పారేస్తారు. ఆ రోజు నుంచి ప్రతి వానకూ గుమ్మం తడుస్తుంది. మందమైన పాలిథీన్ షీటు కోసి, నల్లని బ్యూటైల్ టేపుతో చుట్టూ అతికించి, కింది అంచును మాత్రం తలుపు లోపలి వైపుకు దూర్చండి, నీరు లోపలే జారి రంధ్రాల గుండా పోయేటట్టు. బండి అడుగున తుప్పు పట్టకుండా అండర్ కోటింగ్ కొట్టేటప్పుడు ఆ అడుగు రంధ్రాలు కూడా మూసుకుపోయి ఉండవచ్చు. తలుపు ఊపినప్పుడు లోపల గలగల వినిపిస్తే అదే కారణం. వాటిని సీలెంటుతో మూయడం కన్నా పెద్ద పొరపాటు లేదు, ఎందుకంటే నిలిచిన నీరు తలుపును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. తలుపు బీడింగు పరీక్షకు ఒక కాగితాన్ని రబ్బరు దగ్గర పెట్టి తలుపు మూసి లాగండి. చుట్టూ అంతా ఒకే బిగువుతో రావాలి. ఒకచోట సులువుగా జారివస్తే అక్కడ రబ్బరు కుంగిందని గాని, తలుపు వాలిందని గాని అర్థం. వాలిన తలుపుకు కొత్త రబ్బరు వేస్తే డబ్బు దండగ. ముందు కీలు, తాళం పట్టు సరిచేయాలి.

వెనక తలుపుకు ఈ వాలుడు మరీ ఎక్కువ. కంపెనీ టైరు స్థానంలో పెద్ద మడ్ టైరు స్టెప్నీగా తగిలించుకుంటే ఆ అదనపు బరువంతా రెండు కీళ్ల మీద పడుతుంది. రాళ్ల దారిలో కుదుపులకు తలుపు కిందికి దిగి, పై మూలలో వేలు దూరేంత సందు వస్తుంది.

హార్డ్‌టాప్ బాడీకి కలిసే చోట మామూలు పరుపు స్పాంజి వేసిన బండ్లు ఎన్నో చూశాను. అది నీటిని ఆపదు, తాగుతుంది. నీరు పీల్చని, గాలిగదులు విడివిడిగా మూసుకుని ఉండే రబ్బరు స్పాంజి పట్టీ కావాలి; కొనేటప్పుడు ఒక ముక్కను నీళ్లలో ముంచి పిండి చూస్తే తేడా తెలిసిపోతుంది. బోల్టులను ఒక మూల నుంచి ఎదురు మూలకు మార్చుకుంటూ, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఒకేచోట ఎక్కువ బిగిస్తే ఫైబరు వంగి పక్కచోట సందు తెరుచుకుంటుంది.

ఇక మనం స్వయంగా పెట్టుకున్న చిల్లులు. పైకప్పు క్యారియరు, లైట్ బారు, ఇంజన్‌కు ఎత్తు నుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టం, ఏరియల్, ఇరుక్కున్న బండిని లాగే వించి తీగలు, వీటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒక రంధ్రం చేసి ఉంటారు. నా పాత జీపులో ఒక వర్షాకాలమంతా ఫ్యూజు పెట్టె తడుస్తుంటే బీడింగులన్నీ మార్చాను. చివరకు తేలిందేమిటంటే, పైకప్పు లైటు కోసం నేనే వేసిన తీగ పైనుంచి నేరుగా లోపలికి దిగుతోంది. వాననీరు ఆ తీగను పట్టుకుని తాడు మీద నడిచినట్టు పెట్టెలోకి చేరుతోంది. తప్పు పూర్తిగా నాదే. తీగ రంధ్రంలోకి దూరే ముందు దాన్ని ఒక జానెడు కిందికి వేలాడదీసి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపాలి. నీరు ఆ వంపు అడుగున చుక్కగా రాలిపోతుంది. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. మీ బండికి ఎడమవైపు స్నార్కెల్ గాని, ఇంజన్ గోడ గుండా అదనపు వైర్లు గాని ఉంటే కౌల్ తరువాత అక్కడే చూడండి.

నిలబెట్టి నీళ్లు పోస్తే ఒక్క చుక్క రాదు, వానలో నడిపితే మాత్రం వస్తుంది అనే ఫిర్యాదు కూడా తరచుగా వింటాను. దానికి రెండు కారణాలు. చక్రం చిమ్మే నీరు మడ్‌గార్డు లోపలి అతుకులను కింది నుంచి కొడుతుంది. అక్కడ సీలెంటు రాళ్ల దెబ్బలకు పెచ్చులూడి ఉంటుంది. రెండవది, గతుకుల్లో బాడీ మెలిపడి, నిలకడగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే సందు తెరుచుకుంటుంది. అందుకే చదునైన నేల మీద పరీక్ష అయ్యాక, ఒక ముందు చక్రాన్ని గట్టి దిమ్మె మీదికి ఎక్కించి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి మరొకసారి నీళ్లు పోయండి. ఆ స్థితిలో బండి కిందికి మాత్రం దూరవద్దు.

చోటు తేలిన తరువాతే సీలెంటు. స్నానాల గదికి వాడే, పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ బండికి పనికిరాదు. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం ఇనుప రేకును తినేస్తుంది. దాని మీద రంగు పట్టదు. రేపు మంచి సీలెంటు వేద్దామన్నా ఆ జిడ్డు మీద అది అతకదు. మీ అద్దం చుట్టూ ఉన్న మూడు పొరలను ప్లాస్టిక్ బ్లేడుతో పూర్తిగా గీకి తీయించక తప్పదు. రేకు అతుకులకు పాలీయురేథేన్ సీమ్ సీలెంటు, మళ్లీ విప్పవలసిన మూతలకు బ్యూటైల్ టేపు, రబ్బరు బీడింగులో దిగిన అద్దానికి గట్టిపడని మెత్తటి మాస్టిక్, ఈ మూడూ ఉంటే దాదాపు అన్ని పనులూ జరుగుతాయి. ఎక్కడ వేసినా అడుగు పొడిగా, శుభ్రంగా ఉండాలి. తుప్పు ఉంటే తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమరు కొట్టి, రంగు వేసి, అది ఆరాక సీలెంటు వేయాలి. తుప్పు మీద వేసిన సీలెంటు తుప్పుతో పాటే పెచ్చుగా ఊడుతుంది. సాధ్యమైనంతవరకు నీరు వచ్చే వైపే, అంటే బయటి నుంచే వేయండి. లోపలి నుంచి మూస్తే నీరు అతుకులోనే నిలిచి రేకును కుళ్లబెడుతుంది.

ఇన్ని పరీక్షల తరువాత కూడా నిజంగా అద్దమే దోషి అని తేలితే, అప్పుడు మేస్త్రీ చెప్పినట్టు విప్పించండి. రబ్బరు తీసిన తరువాత ఫ్రేము కింది రెండు మూలలను మీరే దగ్గరుండి చూడండి. తుప్పు పట్టి రేకు రంధ్రాలు పడి ఉంటే కొత్త రబ్బరుకు ముందు టింకరింగ్ పని చేయించాలి. అద్దాన్ని గట్టి బంకతో అతికించిన బండి అయితే పాత బంకను పలుచటి పొరగా ఉంచి కోసి, బయటపడ్డ రేకుకు ప్రైమరు వేసి, కొత్త బంకను ఎక్కడా తెగకుండా ఒకే ధారగా వేయాలి. డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా బండి కదపకూడదు.

వాగులు దాటే అలవాటు ఉందన్నారు కనుక కింది నుంచి వచ్చే నీటి గురించి కూడా చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధం నాటి జీపుకు నేలలోనే నీరు దింపే రంధ్రం ఉండేది. నేటి జీప్ రాంగ్లర్‌కూ నేలలో బిరడాలున్నాయి. ఈ తరహా బండ్లను నీరు వస్తుందనే లెక్కతోనే గీశారు. మీ బండి నేలకున్న రబ్బరు బిరడాలను లెక్కపెట్టండి. కడిగిన తరువాత నీరు పోవడానికి తీసి, తిరిగి పెట్టడం మరచిపోవడం సర్వసాధారణం. క్యాబిన్ కన్నా ముఖ్యమైనది ఇరుసుల లోపలి ఆయిలు. పరుగెత్తి వేడెక్కిన ఇరుసు హౌసింగు, అంటే ఇరుసు చుట్టూ ఉండే ఇనుప గూడు, చల్లని వాగునీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి పీల్చుకునే బ్రీదరు మట్టితో మూసుకుని ఉంటే ఆయిల్ సీళ్ల గుండా నీటినే పీల్చుకుంటుంది. మోకాలి లోతు దాటిన ప్రతిసారీ ముందు, వెనక డిఫరెన్షియళ్ల ఆయిలు, గేరుబాక్సు, నాలుగు చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు చూడండి. పాలు కలిసిన టీ రంగు కనిపిస్తే ఆ ఆయిలు అదే వారంలో మార్చాలి. బ్రీదర్లకు గొట్టాలు తొడిగి ఇంజన్ గదిలో ఎత్తుగా కట్టించుకోవడం చవకైన పని. మారేడుమిల్లి వైపు వాగుల్లో తిరిగేవారు స్నార్కెల్ కన్నా ముందు చేయించుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

విప్పిన కార్పెట్టును ఎండలో రెండు వైపులా తిప్పి ఆరబెట్టండి. స్పాంజి ముక్కిన వాసన వదలకపోతే దాన్ని ఉతికి దాచుకోవద్దు, మార్చేయండి. ముందు ఫోటో తీసిన కనెక్టర్లను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరాకనే బ్యాటరీ తగిలించాలి. మరమ్మతు అయిన వెంటనే అన్నీ బిగించేయవద్దు. నేల రేకు మీద వార్తాపత్రికలు పరిచి, కార్పెట్టు లేకుండానే కనీసం మూడు వానలు, అందులో ఒకటి రాత్రంతా కురిసిన వాన అయ్యేదాకా తిరగండి. కాగితం తడిస్తే ఏ మూల ముందుగా తడిసిందో దాని మీదే కనిపిస్తుంది. వీటన్నిటికన్నా ముందుగా కౌల్ మూత తీసి ఆ మగ్గు నీళ్లు పోసి చూడండి; నీరు ఏ వైపు పడింది, ఏ వైపు పడలేదు అన్నది రాస్తే తరువాత ఎక్కడ విప్పాలో చెప్పగలను.